రాత్రంతా కూర్చుని తీసింది ఒక్క ఫోటోనా?

పోయిన సంచికలో నేను తీసిన ఆండ్రోమెడా గెలాక్సీ ఫోటో వేసి కింద "ఎక్స్‌పోజర్ 21 గంటలు" అని రాశారు. అంతే, ఆ ఒక్క లైను పట్టుకుని ఉత్తరాలే ఉత్తరాలు. గెలాక్సీ గురించి అడిగినవాళ్లకంటే ఆ 21 గంటల గురించి అడిగినవాళ్లే ఎక్కువ. అందరికీ విడివిడిగా రాయడం నా వల్ల కాదు కాబట్టి కొన్నిటికి ఇక్కడే చెప్పేస్తున్నా, ఒకేలా ఉన్న ప్రశ్నల్ని కలిపేశాను, ఏమనుకోకండి.

ప్రశ్న: 21 గంటల రాత్రి ఎక్కడుంది సార్? అచ్చుతప్పా, లేక మమ్మల్ని ఆటపట్టిస్తున్నారా?

అచ్చుతప్పు కాదండీ. ఎక్స్‌పోజర్ అంటే కెమెరా తలుపు తీసుకుని వెలుతురు పోగేసిన టైము. అది ఒక్క రాత్రి తీసింది కాదు, ఆరు రాత్రులు తీసింది. ఒక్కో ఫోటో 3 నిమిషాలు, అలాంటివి 420 కలిపితే 21 గంటలు. అసలు తీసినవి 510, అందులో 90 పారేశా. కొన్నిట్లో పల్చటి మబ్బు అడ్డమొచ్చింది, కొన్నిట్లో గాలికి టెలిస్కోప్ ట్యూబు ఊగి ప్రతి చుక్కా కవలలైపోయింది, ఓ పది ఫోటోలైతే ఫోకస్ జారిపోయినా నేను చూసుకోలేదు, అది పూర్తిగా నా బద్ధకం.

ఇన్నెందుకు, ఒకటి చాలదా అంటారా? వాన మొదలైనప్పుడు నేల చూడండి. ముందు పడే చినుకులకి ఒక లెక్కా పత్రం ఉండదు, ఒక బండ మీద నాలుగు పడితే పక్క బండ మీద ఒక్కటీ పడదు. అరగంట కురిశాక రెండూ ఒకేలా తడుస్తాయి. గెలాక్సీ నుంచి వచ్చే వెలుతురు కూడా అలా చినుకుల్లాగే వస్తుంది, కెమెరా సెన్సర్ మీద ఒక్కో పిక్సెల్ ఒక్కో బండ అనుకోండి. 3 నిమిషాల ఫోటోలో గెలాక్సీ అంచులు చూస్తే అంతా ఇసక చల్లినట్టు గరుగ్గా ఉంటుంది, అదే నాయిస్. ఫోటోలు కలిపేకొద్దీ గరుకు తగ్గి అసలు రూపం పైకి తేలుతుంది.

కానీ ఇందులో ఒక పీనాసి లెక్క ఉంది. ఫోటో రెండింతలు శుభ్రంగా రావాలంటే టైము నాలుగింతలు పెట్టాలి. 1 గంట తర్వాత 4 గంటలు, దాని తర్వాత 16, ఆ తర్వాత 64. అందుకే మొదటి గంటలో కనపడే ముచ్చట మళ్లీ కనపడదు, ఆరో రాత్రి మొత్తం కూర్చుంటే వచ్చిన తేడా పక్కనవాళ్లకి చూపిస్తే "రెండూ ఒకటేగా" అంటారు. మాకు మాత్రం ఒకటి కాదు.

ప్రశ్న: మా బాబుకి టెలిస్కోప్ కొనిచ్చాం. అదే గెలాక్సీ చూస్తే బూడిదరంగు మరకలా ఉంది, మీ ఫోటోలో రంగులున్నాయి. మాది నాసిరకం టెలిస్కోపా?

టెలిస్కోప్ బాగానే ఉండి ఉంటుందమ్మా, కంటికే ఆ సంగతి చేతకాదు. చీకట్లో పనిచేసే కంటి కణాలకి రంగు తెలియదు, పైగా మన కన్ను వెలుతురుని దాచుకోలేదు, సెకనులో పదోవంతు పోగేసి అంతటితో లెక్క మూసేసి మళ్లీ మొదలుపెడుతుంది. కెమెరా తలుపు తీసుకుని 3 నిమిషాలు అలా పోగేస్తూనే ఉంటుంది. నిజానికి ఆండ్రోమెడా ఆకాశంలో చిన్నదేం కాదు, పొడుగున సుమారు 3 డిగ్రీలు, అంటే ఆరు పౌర్ణమి చందమామల్ని వరుసగా పేర్చినంత. మీ బాబుకి కనపడిన మరక దాని నడిమధ్య భాగం మాత్రమే. ఆ మరకలోంచి వాడి కంట్లో పడిన వెలుతురు బయల్దేరి 25 లక్షల సంవత్సరాలు అయిందని చెప్పండి, మళ్లీ ఒకసారి చూస్తాడు.

ప్రశ్న: ఇంజనీరింగ్ మూడో సంవత్సరం అన్నా. డీఎస్ఎల్ఆర్ ఉంది. డబ్బులు దాచి పెద్ద టెలిస్కోప్ కొందామనుకుంటున్నా, ఏది కొనమంటావు?

టెలిస్కోప్ కొనకు తమ్ముడూ. ముందు మౌంట్ కొను, అంటే టెలిస్కోప్‌ని మోస్తూ తిప్పే స్టాండ్. అందరూ చేసే మొదటి తప్పు ఇదే, నేనూ చేశా, పెద్ద ట్యూబు కొని దాన్ని బక్కపల్చటి స్టాండ్ మీద పెట్టి ఏడాదిపాటు చుక్కల బదులు గీతలు తీశా.

భూమి తిరుగుతోంది కదా, చుక్కలు సెకనుకి 15 ఆర్క్‌సెకన్లు జరుగుతుంటాయి (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్‌సెకను). వినడానికి చిన్న అంకె, కానీ నీ కెమెరాకి 200 ఎంఎం లెన్స్ పెడితే ఒక్క సెకనులోనే చుక్క మూడు పిక్సెళ్లు దాటిపోతుంది. అందుకని కెమెరాని భూమికి ఎదురు అదే వేగంతో తిప్పే యంత్రం కావాలి, దాన్నే ఈక్వటోరియల్ మౌంట్ అంటారు, చిన్నదైతే స్టార్ ట్రాకర్. నీ దగ్గరున్న కెమెరా, నీ దగ్గరున్న లెన్స్, కింద ఒక ట్రాకర్, చాలు. మొదటి ఏడాది 85 నుంచి 200 ఎంఎం మధ్యలో ఆండ్రోమెడా తియ్యి, ఒరాయన్ నెబ్యులా (నెబ్యులా అంటే చుక్కల మధ్య ఉండే వాయువు, దుమ్ము మేఘం) తియ్యి, పిల్లలకోడి (కృత్తికలు) చుట్టూ ఉండే నీలం పొగ తియ్యి. ఫోటోలు కలపడానికి సిరిల్ ఉంది, డీప్‌స్కైస్టాకర్ ఉంది, రెండూ ఫ్రీ. ఒక్క చిక్కు, మామూలు డీఎస్ఎల్ఆర్‌లో సెన్సర్ ముందు ఒక ఫిల్టర్ ఉంటుంది, అది నెబ్యులాల ఎర్ర రంగుని చాలావరకు ఆపేస్తుంది. కొందరు దాన్ని తీయించేస్తారు. నువ్వు అప్పుడే తీయించకు, గెలాక్సీలకి అది తీయించాల్సిన అవసరం పెద్దగా లేదు.

పొడుగు ఫోకల్ లెంగ్త్ (లెన్స్‌కి పైన చెప్పిన 85, 200 ఎంఎం అంకె అదే) అంటే గొప్ప అనుకుంటారు కానీ, లెన్స్ ఎంత పొడుగైతే నీ తప్పులు అంత పెద్దగా కనపడతాయి.

ప్రశ్న: మీ రాత్రి ఎలా గడుస్తుందో గంట గంటకీ రాయండి. నేను నైట్ షిఫ్టు నర్సుని, పోల్చుకుందామని.

ఈ ఉత్తరం నాకు బాగా నచ్చింది. మీ అంత బాధ్యత మాకు లేదండీ, మా దగ్గర పేషెంట్ ఎక్కడికీ పోడు.

సూర్యాస్తమయానికి గంట ముందే చేరిపోతా. మౌంట్ కాళ్లు నేలమీద గట్టిగా దించడం, పైన ట్యూబు, కెమెరా, దాని పక్కన గైడ్ కెమెరా, వైర్లన్నీ ఒక కట్టగా కట్టడం. చీకటి పడగానే పోలార్ అలైన్‌మెంట్, అంటే మౌంట్ ఇరుసుని ఆకాశం ఏ బిందువు చుట్టూ తిరుగుతోందో సరిగ్గా అటు తిప్పడం. ధ్రువనక్షత్రం వైపు పెడితే సరిపోతుందనుకుంటారు గానీ ధ్రువనక్షత్రం సరిగ్గా ధ్రువం మీద ఉండదు, అర డిగ్రీ పైచిలుకు పక్కకి ఉంటుంది. దక్షిణార్ధగోళం వాళ్లకైతే ఆ సుఖమూ లేదు పాపం, అక్కడి ధ్రువం దగ్గరున్న చుక్క కంటికి ఆనీ ఆనకుండా ఉంటుంది.

తర్వాత ఫోకస్. ట్యూబు మూతికి బాటినోవ్ మాస్క్ అని గాళ్లు గాళ్లుగా కోసిన ఒక పళ్లెం తగిలిస్తే ప్రతి పెద్ద చుక్కకీ మూడు గీతలొస్తాయి, నడిమి గీత మిగతా రెండిటికీ సరిగ్గా మధ్యలోకి వచ్చేదాకా మర తిప్పడమే. ఎంత మెల్లగా అంటే వేలు మర మీద ఆనించినా స్క్రీన్ మీద చుక్క వణుకుతుంది, వేలు తీసి, అది నెమ్మదించాక చూసి, మళ్లీ వెంట్రుకవాసి తిప్పి, మళ్లీ వేలు తీసి... ఇదంతా అయ్యాక రాత్రి ముదిరేకొద్దీ చలికి ట్యూబు కుంచించుకుని ఫోకస్ తప్పుతుంది, మళ్లీ మొదటికి. ఇప్పుడు మోటర్ పెట్టుకున్నా, గంటకోసారి అదే చూసుకుంటుంది.

అప్పుడు గైడింగ్. పీహెచ్‌డీ2 అని సాఫ్ట్‌వేర్ ఉంది, అది ఒక చుక్కని పట్టుకుని రెండు సెకన్లకోసారి "జరిగావా, ఎంత జరిగావు" అని అడుగుతూ మౌంట్‌ని సవరిస్తూ ఉంటుంది. ఆ గ్రాఫ్ సాఫీగా పోతుంటే ప్రాణం హాయిగా ఉంటుంది, మీకు మానిటర్ మీద గుండె గీత ఎలాగో నాకు అది అలాగ. ఎర్రర్ ఒక ఆర్క్‌సెకనులోపు ఉంటే ఇక నేను చెయ్యాల్సింది ఏమీ లేదు, నిజంగానే ఏమీ లేదు, కుర్చీలో వెనక్కి వాలి కూర్చోవడమే.

అర్ధరాత్రి అటూఇటుగా వచ్చేది మెరిడియన్ ఫ్లిప్. మనం తీస్తున్న వస్తువు నడినెత్తి గీత దాటి పడమరకి మళ్లాక ట్యూబు వెళ్లి మౌంట్ కాలికి కొట్టుకోకుండా మౌంట్ మొత్తం పల్టీ కొట్టి అటువైపు నుంచి అదే వస్తువుని చూడాలి. ఆ రెండు నిమిషాలు నేను లేచి నిలబడతా, ఇప్పటికీ. మొదట్లో ఒకసారి లేవలేదు, నిద్రపోయా. ఒక వైరు మౌంట్ బోల్టుకి చుట్టుకుని లాగేసింది, కెమెరా సాకెట్ ఊడొచ్చింది, మోటర్ ఇంకా తిరుగుతూ కీచుమంటోంది, ఆ చప్పుడుకే మెలకువొచ్చింది. ఆ సీజన్ అంతా కెమెరా రిపేర్లోనే. వైర్లు కట్టగా కడతానని పైన రాశా చూడండి, ఆ అలవాటు అప్పుడొచ్చిందే.

ఇంకో శత్రువు మంచు. ట్యూబు ముందు గ్లాసు ఆకాశం వైపు తెరుచుకుని ఉంటుంది కదా, తన వేడి అంతా పైకి వదిలేసి చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడిపోతుంది, ఇక గాలిలో తేమంతా వచ్చి దానిమీదే కూర్చుంటుంది. తుడవకూడదు, మరక పడుతుంది. అందుకని గ్లాసు చుట్టూ వేడి పట్టీ కడతాం, తగిన మోతాదులో, ఎక్కువైతే గ్లాసు ముందు గాలి మరిగి చుక్కలు ఉబ్బుతాయి.

తెల్లారగట్ట అందరూ బద్ధకించే పని ఒకటుంది, ఫ్లాట్స్. ట్యూబు మూతికి తెల్లగుడ్డ బిగించి, తెల్లవారే ఆకాశం వైపు పెట్టి ఓ ముప్పై ఫోటోలు తియ్యాలి. సెన్సర్ దగ్గర పడిన దుమ్ము కణం ఒక్కొక్కటీ ఫోటోలో గుండ్రటి నీడ వేస్తుంది, మూలలు నల్లబడతాయి, ఆ లోపాలన్నిటినీ ఫ్లాట్ పట్టిస్తుంది, తర్వాత కంప్యూటర్లో దాంతో భాగిస్తే పోతాయి. మూత పెట్టి తీసేవి డార్క్స్, అవి సెన్సర్ తనంతట తాను పుట్టించే మచ్చల్ని తీసెయ్యడానికి. నా కెమెరాని మైనస్ 10 డిగ్రీలకి చల్లబరుస్తా, ఎందుకంటే ఆరేడు డిగ్రీలు వేడెక్కితే చాలు ఆ మచ్చలు సుమారు రెట్టింపు అవుతాయి. ఫ్లాట్స్ తియ్యకుండా మూటాముల్లె సర్దేసుకున్న రోజులున్నాయి, ఇంటికొచ్చి ఫోటోలు కలిపాక గెలాక్సీ పక్కన గారెల్లాంటి దుమ్ము నీడలు చూసి తలపట్టుకున్న రోజులవి.

ఆ తర్వాత నిద్ర. మీకు డ్యూటీ దిగాక పడుతుందో లేదో గానీ నాకు చచ్చినా పట్టదు, ఫైళ్లు తెరిచి చూడాలి ముందు.

ప్రశ్న: ఉన్న మాట చెప్పండి, ఆ రంగులన్నీ కంప్యూటర్లో వేసినవే కదా?

కోపంగా రాశారు, కోపం న్యాయమే, ఎందుకంటే మావాళ్లే సరిగ్గా చెప్పరు. రెండు రకాలున్నాయి.

ఒకటి మామూలు రంగు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, మీ ఫోన్ తీసినట్టే. ఆండ్రోమెడా ఫోటో ఈ రకమే. నడుమ పసుపు ఎందుకంటే అక్కడ ముసలి చుక్కలు, సుడి తిరిగిన చేతుల్లో నీలం ఎందుకంటే అక్కడ వయసులో ఉన్న వేడి చుక్కలు. నేను చేసింది ఆ రంగుని సాగదీయడం. కలిపిన ఫోటో మొదట తెరిస్తే నల్లటి నలుపు, ఏమీ ఉండదు, వెలుతురంతా అడుగున పేరుకుని ఉంటుంది, దాన్ని మెల్లగా పైకి లాగాలి, దీన్నే స్ట్రెచింగ్ అంటారు. చుక్కలు పేలిపోకుండా పొగ మాత్రం పైకి రావాలి, పని అంతా అక్కడే.

రెండోది నారోబ్యాండ్. ఇక్కడ నెబ్యులాలోని ఒక్కో వాయువు వెలిగే ఒక్కో గీతని, అంటే ఒకే ఒక్క సన్నటి రంగుని మాత్రమే వదిలే ఫిల్టర్లు పెడతాం. హైడ్రోజన్ 656.3 నానోమీటర్ల (వెలుతురు తరంగం పొడవు) దగ్గర, ఆక్సిజన్ 500.7 దగ్గర, గంధకం 672 చుట్టుపక్కల. ఇప్పుడు చిక్కేంటంటే హైడ్రోజనూ గంధకమూ రెండూ ఎరుపే, ఉన్నదున్నట్టు వేస్తే ఏది ఏదో తెలియదు. అందుకని గంధకానికి ఎరుపు, హైడ్రోజన్‌కి ఆకుపచ్చ, ఆక్సిజన్‌కి నీలం అని పంచుతారు. 1995లో హబుల్ టెలిస్కోప్ తీసిన ఈగల్ నెబ్యులా స్తంభాల ఫోటో మీరు చూసే ఉంటారు, అది ఇలా చేసిందే, అందుకే దీనికి హబుల్ ప్యాలెట్ అని పేరొచ్చింది. మ్యాపులో ఎత్తుని బట్టి రంగు వేస్తారు, నేల నిజంగా ఆ రంగులో ఉందని కాదు కదా, ఇదీ అంతే. ఆకారం కల్పించింది కాదు, ఏ వాయువు ఎక్కడుందో కల్పించింది కాదు, రంగు మాత్రం మనం పెట్టుకున్న గుర్తు. అది ఫోటో కింద రాయాలి. రాయకపోతే మీ కోపం పూర్తిగా న్యాయం.

ఇంకో చోటి నుంచి తెచ్చిన ఆకాశాన్ని అతికించేవాళ్లూ, లేని మెరుపులు గీసేవాళ్లూ ఉన్నారు. వాళ్ల గురించి నన్నడక్కండి.

ప్రశ్న: మా ఆయనకీ ఇదే పిచ్చి. అమావాస్య వస్తే ఇంట్లో మనిషి ఉండడు. ఎన్నాళ్లకి తగ్గుతుందండీ?

తగ్గదమ్మా. మీకు పనికొచ్చే మాట ఒకటి చెప్తా, ఆయనకి నారోబ్యాండ్ ఫిల్టర్లు కొనుక్కోనివ్వండి. ఆ ఫిల్టర్లు మూడు నుంచి ఏడు నానోమీటర్ల సందు మాత్రమే వదులుతాయి, వీధిదీపాల వెలుతురూ వెన్నెలా చాలావరకు బయటే ఆగిపోతాయి, హైడ్రోజన్ అయితే నిండు పౌర్ణమికి కూడా మేడమీద నుంచే తీసుకోవచ్చు. అప్పుడు మనిషి ఇంట్లోనే ఉంటాడు, మేడమీద. గెలాక్సీలకి మాత్రం ఇది పనిచెయ్యదు, వాటి వెలుతురు అన్ని రంగుల్లో పరుచుకుని ఉంటుంది, చీకటి చోటికి వెళ్లాల్సిందే. అమావాస్యకి ఓ రెండు రాత్రులు వదిలెయ్యండి పాపం. ఈ సలహా నేనే ఇచ్చానని మాత్రం చెప్పకండి, ఆ ఫిల్టర్ల ధర చూశాక మీకే నామీద కోపం వస్తుంది.

ప్రశ్న: అందరూ అదే ఆండ్రోమెడా తీస్తారు, అంతకంటే గొప్పగా హబుల్ తీసేసింది. ఇంకా మీరు తీసి సాధించేదేంటి?

కొత్తగా సాధించేది చాలాసార్లు ఏమీ ఉండదు. అయితే ఒక పాత కథా ఒక కొత్త కథా చెప్తా.

1880 సెప్టెంబర్ 30న హెన్రీ డ్రేపర్ అనే డాక్టరు 11 అంగుళాల టెలిస్కోప్‌తో 51 నిమిషాలు ఎక్స్‌పోజర్ ఇచ్చి ఒరాయన్ నెబ్యులాని మొదటిసారి ఫోటో తీశాడు. మూడేళ్లకి ఆండ్రూ కామన్ అనే ఇంజనీరు 36 అంగుళాల అద్దంతో అదే నెబ్యులా తీస్తే టెలిస్కోప్‌లో కంటికి కనపడని చుక్కలు కూడా పడ్డాయి, కంటికంటే ప్లేటు (అప్పట్లో ఫోటో పడే గాజుపలక) ఎక్కువ చూస్తుందని అక్కడ తేలింది. 1888లో ఐజాక్ రాబర్ట్స్ ఆండ్రోమెడా తీస్తే అందులో సుడి కనపడింది. ఆయన దాన్ని పుడుతున్న సౌరకుటుంబం అనుకున్నాడు, పాపం తప్పు, కానీ ఫోటో తప్పు కాదు. ఈ ముగ్గురికీ ఇది ఉద్యోగం కాదు, సరదా. 1923లో ఎడ్విన్ హబుల్ (హబుల్ టెలిస్కోప్‌కి పెట్టింది ఈయన పేరే) అమెరికాలో మౌంట్ విల్సన్ అనే కొండ మీద 100 అంగుళాల టెలిస్కోప్‌తో తీసిన ప్లేటు మీద ఒక చుక్కని నోవా (ఉన్నట్టుండి భగ్గున వెలిగే చుక్క) అనుకుని "ఎన్" అని రాసి, తర్వాత పాత ప్లేట్లతో పోల్చి చూసి, అది కొట్టేసి ఎర్ర సిరాతో "వార్!" అని రాశాడు, అంటే వెలుగు మారే చుక్క అని. ఆ చుక్క వెలుగు మారే తీరుని బట్టి దూరం లెక్కకట్టాకే ఆండ్రోమెడా మన పాలపుంత బయటిదని తేలింది.

ఇక కొత్తది. అన్ని టెలిస్కోప్‌లూ అన్నేళ్లు చూసిన అదే ఆండ్రోమెడా పక్కన ఆక్సిజన్ వెలుతురు చాపం ఒకటి ఉందని 2023లో ప్రకటించారు, దాదాపు డిగ్రీన్నర పొడుగు, మూడు చందమామలంత. పట్టుకుంది యాన్ సాంటీ, మార్సెల్ డ్రెక్స్‌లర్, జేవియర్ స్ట్రాట్నర్ అనే అమెచ్యూర్లు, అంటే సరదాకి చేసేవాళ్లు, చిన్న టెలిస్కోప్‌తో. పెద్ద టెలిస్కోప్‌లకి ఎందుకు దొరకలేదంటారా, వాటి చూపు ఇరుకు, పైగా ఒకే చోట ఆక్సిజన్ ఫిల్టర్ పెట్టి రాత్రులకి రాత్రులు కూర్చునే టైము వాటికి ఎవరిస్తారు? క్యూలో సైంటిస్టులు నిలబడి ఉంటారు. మాకు క్యూ లేదు. నా 21 గంటల్లో ఆక్సిజన్ ఫిల్టర్ ఒక్క నిమిషం కూడా లేదు, అందుకే నా ఫోటోలో ఆ చాపం లేదు, ఆ విషయం తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

ప్రశ్న: శాటిలైట్ల గీతలు పడవా?

పడతాయి, ఇప్పుడు మరీ ఎక్కువ. ఒక పిక్సెల్ 419 ఫోటోల్లో నల్లగా ఉండి ఒక్కదాంట్లో తెల్లగా ఉంటే సాఫ్ట్‌వేర్ ఆ ఒక్కదాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. పది ఫోటోలే ఉంటే మాత్రం గీత అంత తేలిగ్గా పోదు.

ప్రశ్న: సీస్టార్ లాంటి స్మార్ట్ టెలిస్కోప్‌లు ఫోన్లో బటన్ నొక్కితే అన్నీ చేసేస్తున్నాయట. ఇక మీ పని అయిపోయినట్టేనా?

కొనుక్కోండి, బావుంటుంది. సీస్టార్ ఎస్50 అయితే 50 ఎంఎం వెడల్పున్న లెన్స్, మౌంట్, కెమెరా అన్నీ ఒకే డబ్బాలో, పైన నర్సుగారికి రాసిన తంటాలు సగం దానికి లేవు. కానీ అది కూడా ఫోటోల మీద ఫోటోలు కలపాల్సిందే, చినుకుల లెక్క దానికీ అదే. పది నిమిషాలు పెట్టి ఆపేసేవాళ్లు పది నిమిషాల ఫోటోయే చూస్తారు. నన్ను ఇంతకంటే ఇబ్బంది పెట్టేది ఏఐ పదునుపెట్టే సాఫ్ట్‌వేర్లు. చుక్కల్ని సన్నబరచడానికి నేనూ వాడతా, దాచను, కానీ నాయిస్ ఎక్కువున్న ఫోటో మీద గట్టిగా తిప్పితే లేని దారాలు, పీచులు పుట్టిస్తాయి. అందుకే కలిపిన ఒరిజినల్‌ని పక్కన తెరిచి పెట్టుకుని, అందులో నీడమాత్రంగానైనా లేనిది ఫైనల్‌లో కనపడితే వెనక్కి తగ్గిస్తా.

ప్రశ్న: దీనిమీద బతకొచ్చా?

ప్రింట్లు అమ్మేవాళ్లు, క్లాసులు చెప్పేవాళ్లు, చిలీ ఎడారి లాంటి చోట్ల టెలిస్కోప్ పెట్టి ఇంటర్నెట్లో అద్దెకిచ్చేవాళ్లు ఉన్నారు. దీనిమీదే బతికేవాళ్లు బహు కొద్దిమంది. నాకు పగలు ఉద్యోగం ఉంది. అక్కడ ఆవలిస్తా.

ప్రశ్న: ఇప్పుడేం తీస్తున్నారు?

ఇంకేం, అదే ఆండ్రోమెడా, ఈసారి ఆక్సిజన్ ఫిల్టర్‌తో. ఇప్పటికి 13 గంటలయ్యింది. చాపం ఉండాల్సిన చోట ఏదో ఉన్నట్టే ఉంది, కళ్లు చికిలించి చూస్తే ఉంది, సూటిగా చూస్తే లేదు. రేపు చంద్రుడు త్వరగా అస్తమిస్తాడు, మబ్బు లేకపోతే ఇంకో నాలుగు గంటలు దొరుకుతాయి.